ఆర్థిక ప్రణాళికా విద్య – మన గ్రామ యువజనులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు కావించిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఎడతెగక ఒక పల్లెలో ప్రతి సాయంకాలమును తలుపులు తెరచి, దీపము వెలిగించి, పత్రికలు పరచి చదువరులకై ఎదురుచూచుట సామాన్యమైన కార్యము కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము స్థాపింపబడిన నాటినుండియు ఈ కృష్ణాతీరమున ఎన్నియో గ్రంథాలయములు పుట్టినవి. వానిలో అనేకములు మూతపడినవి. మీ గ్రంథాలయము మూతపడలేదు. అందులకు కారకులైన పెద్దలను పేరుపేరున అభినందించుటకు వేరు వక్తలు వేదికపై నున్నారు గనుక నేను నాకప్పగించిన విషయమునకే వచ్చెదను.

కార్యదర్శిగారు నాకు వ్రాసిన లేఖలో, "ఇంటర్మీడియెట్ ముగించిన మన పిల్లలకు డాక్టరు, ఇంజనీరు చదువులు తప్ప వేరు త్రోవ కానరాకున్నది. తాము చిరకాలము కళాశాలలో వాణిజ్యశాస్త్రము బోధించినవారు. ఆర్థిక ప్రణాళిక యను పేర డిగ్రీ చదువొకటి యిప్పుడు వినవచ్చుచున్నది. అది యెట్టిదో మావారికి తెలుపగోరెదము" అని కోరిరి. వారి కోర్కె నాకు ఎంతయు సంతోషము కలిగించినది. ఏలయన, ఈ విషయము పట్టణములలోని ధనికులకు మాత్రమే సంబంధించినదను భ్రమ మనలో గాఢముగా నాటుకొని యున్నది.

వాణిజ్యశాస్త్రము చిరకాలము అంగడి లెక్కలను, కంపెనీ లెక్కలను బోధించినది. 1494లో వెనిసు నగరమున లూకా పాచియోలి యను సన్యాసి జమాఖర్చుల పద్ధతిని అచ్చు వేయించిన నాటినుండియు మా పుస్తకములన్నియు వర్తకుని బల్లముందే కూర్చున్నవి. ఆ వర్తకుడు ఇంటికి వచ్చిన తరువాత పిల్ల పెండ్లికి ఎంత కూడబెట్టవలయును, తనకేమైన అయినచో ఇల్లాలి గతి యేమి, వయసు మళ్ళిన పిమ్మట తినుటకెట్లు అను ప్రశ్నలకు మా పాఠ్యగ్రంథములలో చోటుండెడిది కాదు. ఆ లెక్క ఇంటిలోని పెద్దలు చూచుకొందురని శాస్త్రజ్ఞుల అభిప్రాయము కాబోలు! ఇప్పుడు ఆ ప్రశ్నలనే ముఖ్యముగా గైకొని, వడ్డీ, బీమా, పొదుపు, పెట్టుబడి, ఆదాయపు పన్ను, వృద్ధాప్యపు భృతి, వారసత్వము అను వానిని ఒక్క త్రాట గ్రుచ్చి బోధించు విద్యకు ఆర్థిక ప్రణాళిక యని పేరు పెట్టిరి.

ఈ విద్యలో మొదటి సంవత్సరముననే చెప్పు పాఠము వడ్డీ. మీరు నవ్వవచ్చును. వడ్డీ సంగతి మనకెవరు చెప్పవలయును? నూటికి నెలకు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ యని పసిబిడ్డలు సైతము పలుకుదురు. నూటికి నెలకింత యని లెక్కించు ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రములో నూరు పణములకు నెలకు పణమున్నర పాతిక తక్కువ, అనగా ఒకటింపావు పణము, ధర్మమైన వడ్డీ యని కలదు. మన మాటలలో అది రూపాయి పావలా వడ్డీ. వర్తకులకు అయిదు, అడవిదారిన పోవువారికి పది, సముద్రముపై పోవువారికి ఇరువది యని కూడ ఆయన నిర్ణయించెను. ఆపద హెచ్చిన కొలది వడ్డీ హెచ్చునను సూత్రము అందులోనే యిమిడి యున్నది. నేటి విద్యార్థి పెద్ద పెద్ద ఆంగ్ల గ్రంథములలో చదువునది ఆ సూత్రమునే.

ఐనను, తెలిసిన వడ్డీకిని, లెక్క కట్టి చూచిన వడ్డీకిని చాల భేదము కలదు. ఒక ఉదాహరణము చెప్పెదను. దయచేసి కాగితమున్నవారు వ్రాసికొనుడు. ఒక రైతు లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు వ్రాసి యిచ్చి తెచ్చుకొనెను. నోటునకు కాలపరిమితి మూడేండ్లు. 1963 నాటి కాలదోష చట్టము ప్రకారము ఆ గడువు దాటినచో ఋణదాత దావా వేయజాలడు. కావున మూడేండ్లు నిండకమునుపే నోటు తిరగవ్రాయించుట మన ఆచారము. మూడేండ్లకు వడ్డీ 72,000 రూపాయలు. క్రొత్త నోటు 1,72,000 రూపాయలకు. మరి మూడేండ్లకు ఆ మొత్తముపై వడ్డీ కలిసి 2,95,840 రూపాయలు. తొమ్మిదేండ్లు నిండునప్పటికి 5,08,845 రూపాయలు. "మాది బారువడ్డీయే, చక్రవడ్డీ కాదు" అని ఇరుపక్షములవారును నిజముగానే నమ్ముచుందురు. బారువడ్డీయే యైనచో తొమ్మిదేండ్లకు కావలసినది 3,16,000 రూపాయలు మాత్రమే. తక్కిన 1,92,845 రూపాయలును నోటు తిరగవ్రాయుటవలన పుట్టినవి. ఇందులో మోసమేమియు లేదు. సంతకము చేసినవాడు చదువుకొన్నవాడే కావచ్చును. లెక్క మాత్రము ఎవ్వరును వేయలేదు.

వడ్డీని గూర్చి విద్యార్థులు నేర్చుకొను చిట్కా యొకటి కలదు. 72ను సంవత్సరపు వడ్డీ శాతముచే భాగించినచో సొమ్ము రెట్టింపగుటకు పట్టు సంవత్సరములు ఉజ్జాయింపుగా వచ్చును. రూపాయి వడ్డీ యనగా 12 శాతము; ఆరేండ్లలో రెట్టింపు. బ్యాంకువారు 6 శాతము ఇచ్చినచో పండ్రెండేండ్లు పట్టును. ధరలు కూడ ఇట్లే పెరుగును. ఏటేటా 6 శాతము చొప్పున ధరలు పెరిగినచో, నేడు లక్ష రూపాయల జీతము కట్టవలసిన చదువునకు పండ్రెండేండ్ల తరువాత రెండు లక్షలు కావలయును. బీరువాలో దాచిన లక్ష రూపాయలు అప్పుడును లక్షయే. అంకె తగ్గలేదు గాని దానితో కొనగల వస్తువు సగమైనది. ఈ ఒక్క సంగతి మనసున కెక్కినచో, ఆర్థిక ప్రణాళికా విద్యలో నాల్గవ వంతు వచ్చినట్లే.

చీటీల సంగతి చెప్పకున్న మన ప్రాంతమున ఉపన్యాసము పూర్తికాదు. ఇరువదిమంది నెలకు 5,000 రూపాయల చొప్పున ఇరువది నెలలు కట్టు లక్ష రూపాయల చీటీ యొకటి కలదనుకొనుడు. మూడవ నెలలో ఒకరు అవసరమునకై 30,000 వదలుకొని పాడిరి. వారికి చేతికి వచ్చినది 70,000. వదలుకొన్న ముప్పది వేలలో నిర్వాహకుని కమీషను 5,000 పోగా, 25,000 ఇరువదిమందికిని పంచగా తలకు 1,250. ఆ నెల అందరును కట్టవలసినది 3,750. పాడుకొన్నవారు ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకొన్నట్లు? ఈ ప్రశ్న నేను తరగతిలో అడిగినప్పుడు నలువదిమంది విద్యార్థులు నలువది సమాధానములు చెప్పెడివారు. నిజమేమనగా, ఆనాటికి ఎవ్వరును చెప్పజాలరు. రాబోవు నెలలలో ఇతరులు ఎంత వదలుకొని పాడుదురో, అంత తగ్గింపు వీరికిని లభించును. చీటీ ముగిసిన పిమ్మటనే వడ్డీ ఎంత పడినదో తేలును. చీటీ యనునది అప్పు, పొదుపు, కొంత జూదము మూడును కలిసిన యేర్పాటు. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. బ్యాంకు మెట్లెక్క జంకిన యెందరో గృహిణులు చీటీ పాటతోనే కుట్టుమిషనులు కొనిరి, పిల్లలను చదివించిరి. కాని 1982 నాటి కేంద్ర చీటీల చట్టము ప్రకారము రిజిస్ట్రారు అనుమతి పొంది, చీటీ మొత్తమునకు తగిన హామీని ముందుగా దాఖలు చేసి నడుపు చీటీ వేరు. అరుగుమీద నోటిమాటగా నడుపు చీటీ వేరు. నిర్వాహకుని కమీషనుకు ఆ చట్టము 5 శాతము హద్దు పెట్టగా, 2019 సవరణ దానిని 7 శాతమునకు పెంచినది. చీటీ వేయుచున్నవారిలో ఈ సంగతి యెరిగినవారు ఎందరో మీరే యోచింపుడు.

బీమాను గూర్చి కొంచెము చెప్పెదను. 1956 సెప్టెంబరు 1వ తేదీన 245 బీమా సంస్థల వ్యాపారమును కలిపి జీవిత బీమా కార్పొరేషన్ ఏర్పడినది. ఆనాటినుండి మన పల్లెలలో బీమా యనగా కడపట కొంత సొమ్ము తిరిగివచ్చు పొదుపు సాధనమనియే అర్థము పడినది. విద్యార్థికి బోధించు లెక్క వేరు. ఇంటి యజమాని అకాలముగా పోయినచో ఆ కుటుంబము ఎన్ని సంవత్సరములు, నెలకెంత ఖర్చుతో బ్రతుకవలయును, తీర్చవలసిన అప్పెంత, పిల్లల చదువునకెంత యని కూడి, ఆ మొత్తమునకు బీమా చేయవలయును. సొమ్ము తిరిగివచ్చు పాలసీతో అంత మొత్తమునకు బీమా చేయుట సామాన్య కుటుంబమునకు అలవి కాదు, ప్రీమియము మోయలేరు. తిరిగి ఏమియు రాని టర్మ్ పాలసీ యైనచో అదే ప్రీమియమునకు ఎన్నో రెట్లు రక్షణ లభించును. "కట్టినది తిరిగి రాదా?" అని మనవారు వెనుదీయుదురు. పంటకు కావలి పెట్టినవాడు, దొంగ రాకపోయినంత మాత్రమున, కావలివాని కూలి తిరిగి యిమ్మనునా?

ఇంతకంటె విచారకరమైనది, ఉన్న బీమాను కూడ ఎరుగకపోవుట. 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవనజ్యోతి పథకములో చేరినవారి బ్యాంకు ఖాతానుండి 2022 జూన్ మొదలు సంవత్సరమునకు 436 రూపాయలు తగ్గుచుండెను. మరణము సంభవించినచో కుటుంబమునకు రెండు లక్షలు. ఖాతా పుస్తకములో ఆ పద్దు చూచి, ఏదో బ్యాంకు రుసుమనుకొని ఊరకున్న కుటుంబములను నేనెరుగుదును. వితంతువు దరఖాస్తు పెట్టుకొననిదే ఆ సొమ్ము ఆమె గుమ్మము వెదకికొని రాదు.

ఇక వారసత్వము. ఇది పెద్దలకు చేదైన విషయము. సభలో మాటాడుటకు సంకోచింతురు. ఐనను డిగ్రీ పాఠ్యక్రమములో దీనికొక పత్రమే కలదు గనుక చెప్పక తప్పదు. బ్యాంకులో నామినీగా పేరు వ్రాయించినచో ఆ సొమ్ము ఆ నామినీదే యగునని మనవారి విశ్వాసము. చట్టమట్లు లేదు. నామినీ సొమ్ము అందుకొను చేయి మాత్రమే, హక్కు వారసులది. జీవిత బీమా విషయమున సుప్రీంకోర్టు 1983లోనే ఈ సంగతి స్పష్టపరచినది. 2015లో చట్టము సవరించి, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో బీమా సొమ్ముపై వారికే హక్కు కల్పించిరి. బ్యాంకు నిల్వలకు పాత సూత్రమే నిలిచినది. కంపెనీ వాటాల విషయమునను అదే సూత్రమని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మరల పలికినది. కావున అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కోర్టు మెట్లెక్కకుండ నుండవలయునన్నచో వీలునామా వ్రాయుట మేలు. దానికి స్టాంపు కాగితము అక్కరలేదు. రిజిస్టరు చేయించుట తప్పనిసరి కాదు. వ్రాసినవాని సంతకమును ఇద్దరు సాక్షుల సంతకములును కావలయును. ఇంత సులభమైన పనిని మనము మరణమునకు పిలుపని యెంచి మానుకొందుము.

ఆడబిడ్డల హక్కు విషయములో మాత్రము మన ఆంధ్రులు దేశమునకు మార్గదర్శకులైరని సంతోషముతో చెప్పుకొనవచ్చును. సమష్టి కుటుంబపు ఆస్తిలో అవివాహితలైన కుమార్తెలకు కుమారులతో సమానమైన వాటా నిచ్చు సవరణ మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియే అమలులోనికి వచ్చినది. దేశమంతటికి ఆ హక్కు 2005లో గాని రాలేదు. చట్టము వచ్చి ఇన్నేండ్లైనను, పసుపు కుంకుమల పేర ఏదో యిచ్చి కాగితముపై సంతకము చేయించుకొను ఇండ్లు నేటికిని కలవు. ఇది చదువుకొన్న పిల్ల తన సంతకము దేనిపై పెట్టుచున్నదో చదివియే పెట్టును. కొందరు పెద్దలకు ఈ చదువుపై అయిష్టత కలుగుటకు ఇదియు నొక కారణమేమో యని నాకు అనుమానము.

ఈ విద్య ఎక్కడ, ఎట్లు పుట్టినదో టూకీగా చెప్పెదను. 1969 డిసెంబరులో అమెరికాలోని చికాగో నగరమున పదమువ్వురు కూడి, బీమా అమ్మువాడొకడు, వాటాలు అమ్మువాడొకడుగా నున్న స్థితి మారి, కుటుంబపు అవసరము మొత్తమును చూచు వృత్తి యొకటి యేర్పడవలయునని తలచిరి. వారి యత్నమున ఏర్పడిన కళాశాలనుండి 1973లో 42 మంది మొదటి పట్టీవారు వెలువడిరి. క్రమముగా విశ్వవిద్యాలయములు ఈ విషయమున డిగ్రీలు నెలకొల్పినవి. 2007 నుండి అచ్చట ఈ వృత్తి యోగ్యతాపత్రమునకు పట్టభద్రత్వము తప్పనిసరి యైనది. 2021లో వారు పాఠ్యవిషయములలో మనస్తత్వశాస్త్రమును కూడ చేర్చిరి. ఇది నాకు మిక్కిలి నచ్చినది. కుమార్తె వివాహమునకు తాహతుకు మించి ఖర్చు పెట్టు తండ్రికి లెక్క తెలియక కాదు గదా! నలుగురిలో తల యెత్తుకొనవలయునను తపన ఆ ఖర్చును పెట్టించుచున్నది. అతని యెదుట అంకెలు మాత్రము వల్లించువాడు సలహాదారు కాజాలడు. భర్త చెప్పినది వినుటతోబాటు, గడపకావల నిలిచిన భార్యను పిలిచి ఆమె చెప్పునదియు వినవలయును.

ఆస్ట్రేలియా కథ మనకు మరింత ముఖ్యము. అచ్చటికి మన తెలుగు విద్యార్థులు వేలకొలదిగా పోవుచున్నారు. ఆ దేశమున ఆర్థిక సలహాదారులు తమ జీతమిచ్చు బ్యాంకుల సరకునే అమాయకులకు అంటగట్టుచున్నారని చిరకాలము ఫిర్యాదులుండెను. 2017లో శాసనము చేసి, 2019 జనవరి 1 నుండి ఈ వృత్తిలో క్రొత్తగా చేరువారు ఆమోదింపబడిన డిగ్రీ పొంది, ఒక సంవత్సరము పెద్దల పర్యవేక్షణలో పనిచేసి, పరీక్ష నెగ్గవలయునని నియమించిరి. న్యాయమూర్తి హెయిన్ అధ్యక్షతన జరిగిన రాజ విచారణలో, మరణించిన ఖాతాదారులనుండి సైతము సలహా రుసుము వసూలు చేసిన సంగతి బయటపడి దేశము నివ్వెరపోయినది. కఠిన నియమములు వచ్చిన తరువాత కొద్ది సంవత్సరములలో అచ్చటి సలహాదారుల సంఖ్య సగమునకు చేరువగా తగ్గినది. మిగిలినవారి రుసుము పెరిగినది. యోగ్యులు మిగిలిరి, కాని సామాన్యునికి వారు అందకుండ పోయిరి. డిగ్రీ నియమము మంచిదా చెడ్డదా యని నన్నడిగినచో, మంచిదే యందును. కాని పేదవాని గుమ్మములో నిలుచు సలహాదారు ఎవరను ప్రశ్నకు ఆస్ట్రేలియావారు సమాధానము చెప్పలేకపోయిరనియు అందును.

మన దేశమున 1988లో ఏర్పడి 1992లో చట్టబద్ధమైన సెబీ సంస్థ 2013లో పెట్టుబడి సలహాదారులకు నిబంధనలు చేసినది. సలహాదారు తన లాభము కంటె సలహా కోరినవాని మేలునే ముందుంచవలయునని వాని సారము. 2020లో స్నాతకోత్తర విద్యయు, అయిదేండ్ల అనుభవమును కావలయునని బిగించి, 2024 డిసెంబరులో మరల సడలించి, డిగ్రీతోబాటు నిర్ణీత పరీక్షలలో ఉత్తీర్ణత చాలునని మార్చిరి. మన బాలబాలికలకు ఇది తెరచిన తలుపు. బి.కాం. గాని, తత్సమానమైన డిగ్రీ గాని చదువుచు, జాతీయ సెక్యూరిటీస్ మార్కెట్ల సంస్థవారి పరీక్షలు వ్రాసికొనవచ్చును. ప్రత్యేకముగా ఆర్థిక ప్రణాళిక యను పేరుగల డిగ్రీకై దూరనగరమునకు పోయి లక్షలు వెచ్చింప నక్కరలేదని నా అభిప్రాయము. పేరు ఘనముగా నుండి బోధన డొల్లగా నున్న కళాశాలలు కలవు. మీ జిల్లా కేంద్రములోని మంచి కళాశాలలో బి.కాం. చదివి, గణితమును నిర్లక్ష్యము చేయక, చట్టములను మూలములో చదువు అలవాటు చేసికొన్న విద్యార్థి వెనుకబడడు.

గత సంవత్సరము ఈ ప్రాంతపు రైతు ఒకరు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆ బాలిక ఇంటర్మీడియెట్‌లో మంచి మార్కులు తెచ్చుకొని, ఈ చదువే చదివెదనని పట్టుబట్టినది. "మాస్టారూ, చదివి చదివి చివరకు మా అమ్మాయి ఇంటింటికి తిరిగి పాలసీలు అమ్మవలసినదేనా?" అని ఆయన యడిగిరి. నేను వెంటనే సమాధానము చెప్పలేదు. ఏలయన, ఆ ప్రశ్నలో సత్యము చాలా కలదు. ఈ డిగ్రీ చదివినవారిలో పెక్కుమందికి మొదట దొరకు ఉద్యోగము అమ్మకపు ఉద్యోగమే. నెలకింత వ్యాపారము తేవలయునని పైవారు హద్దు పెట్టుదురు. బీమాలో తరువాతి సంవత్సరముల కంటె మొదటి సంవత్సరము కమీషను చాలా హెచ్చు. కావున పాత పాలసీ మాన్పించి క్రొత్తది కట్టించుటకు మనసు లాగును. తరగతిలో టర్మ్ పాలసీ గొప్పదని పరీక్ష వ్రాసి నూటికి ఎనుబది తెచ్చుకొన్న బిడ్డయే, ఉద్యోగములో చేరిన ఆరు నెలలకు మేనమామకు అక్కరలేని పాలసీ అంటగట్టుటను నేను చూచితిని. ఆ బిడ్డ చెడ్డది కాదు. జీతము ఆ అమ్మకముపై నాధారపడి యున్నది.

కావున ఆ రైతుతో నేనిట్లంటిని. "మీ అమ్మాయి మొదటి మూడేండ్లు జీతమునకు పనిచేయవలసి రావచ్చును. బ్యాంకు పరీక్షలు కూడ వ్రాయనిండు. అది నిలుకడైన బ్రతుకు. సొంతముగా సలహాదారు కాదలచినచో, కమీషను పుచ్చుకొనక రుసుము మాత్రమే పుచ్చుకొను దారి యున్నది. ఆ దారిన ఆదాయము ఆలస్యముగా వచ్చును. సలహాకు రుసుమిచ్చు అలవాటు మనవారికి లేదు. డాక్టరునకిత్తుము, వకీలుకిత్తుము, 'ఈ పాలసీ నీకక్కరలేదు' అని చెప్పి మన లక్ష రూపాయలు కాపాడినవానికి కాఫీ యిచ్చి పంపుదుము." ఆయన నవ్విరి. అమ్మాయి నవ్వలేదు; రుసుము ఎంత యుండవచ్చునని యడిగినది. ఆమె ఇప్పుడు బి.కాం. రెండవ సంవత్సరము చదువుచున్నది. సంక్రాంతి సెలవులలో తండ్రి పెట్టెలోని నోట్లన్నియు బయటకు తీసి లెక్క వేసి, బ్యాంకులో 7 శాతమునకు డిపాజిట్టు ఉంచి, వెలుపల రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మోయుచున్నట్లు చూపినదట. డిపాజిట్టు తీసి అప్పు తీర్చుటకు ఆయన ఇంకను ఒప్పుకొనలేదు. "చేతిలో నాలుగు రాళ్ళుండవలయును గదా" అనుచున్నారు. ఆ మాటయు త్రోసివేయదగినది కాదు. ఆపదకు కొంత యుంచి తక్కినదానితో అప్పు తీర్చుటకు తండ్రీకూతుండ్ర నడుమ సంధి జరుగుచున్నదని విన్నాను.

భాషను గూర్చి ఒక్క మాట. ఈ విద్యకు సంబంధించిన మంచి గ్రంథములు దాదాపు అన్నియు ఆంగ్లములోనే యున్నవి. మన పిల్లలు పరీక్ష నెగ్గుదురు గాని, నేర్చినది నాయనమ్మకు తెలుగులో చెప్పలేరు. బందరులో 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు స్థాపించినప్పుడు, ఆయన వైద్యవృత్తి చేసినవారు. సామాన్యుని భాషలో సామాన్యునితో మాటాడుట ఎరిగినవారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు కనుమరుగైనది. బోర్డు మారినను రైతు చేత నింపించు కాగితము నేటికిని అతనికి అర్థము కాని భాషలోనే యున్నది. ఈ చదువు చదివిన పల్లెటూరి బిడ్డ ఆ కాగితమును చదివి చెప్పగలిగినచో, అదియే ఆ డిగ్రీకి మొదటి ప్రయోజనమని నేనెంచెదను.

ఇక ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి సూచించి విరమించెదను. మీ గ్రామమునుండి డిగ్రీ చదువుచున్న వాణిజ్య విద్యార్థులు నలుగురున్నారని విన్నాను. సెలవు దినములలో వారిలో ఇద్దరు ఆదివారము సాయంకాలము ఈ హాలులో కూర్చుండవలయును. ఎవరైనను తమ ఖాతా పుస్తకము, పాలసీ, నోటు, చీటీ పుస్తకము తెచ్చినచో చదివి, అందేమి వ్రాసి యున్నదో తెలుగులో చెప్పవలయును. పది సంవత్సరములు కదలిక లేని ఖాతాల సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరును. పోయిన పెద్దల పేర అట్టిది యేమైన యున్నదేమో వెదకుటకు 2023లో రిజర్వు బ్యాంకువారు ఉద్గమ్ అను వెబ్‌సైటు ఏర్పరచిరి. దానిని ఈ గ్రంథాలయపు కంప్యూటరునందే చూపవచ్చును. ఆ విద్యార్థులు ఏ కంపెనీ పేరును సిఫారసు చేయరాదు. ఎవరి సొమ్మును ముట్టరాదు. ఎవరి ఫోనుకు వచ్చిన రహస్యసంఖ్యను అడుగరాదు. ఈ మూడు నిబంధనలను గోడపై వ్రాయింపుడు. వారికి ఇది చదువులో భాగము. తరగతిగదిలో దొరకని పాఠము.

వడ్డీ పట్టికల పుస్తకమొకటి నా చేతివ్రాతతో సిద్ధము చేసితిని. నూటికి నెలకు అర్ధరూపాయి మొదలు అయిదు రూపాయల వరకు, ఒక సంవత్సరము మొదలు పండ్రెండు సంవత్సరముల వరకు, బారువడ్డీ ఒక వరుసలోను, మూడేండ్లకొకసారి నోటు తిరగవ్రాసినచో అగు మొత్తము పక్క వరుసలోను వ్రాసితిని. దానిని లైబ్రేరియనుగారికి అప్పగించితిని. అది చదువు బల్లపై అందరికిని అందుబాటులో నుండవలసిన పుస్తకము గనుక ఎవ్వరికిని ఇంటికి ఇవ్వవలదని మనవి.